చీకటి దాచుకున్న పిట్ట

పిట్ట బతికే ఉంది.

జానకు కాస్త మించిన పొడవు. లేత పసుపు కాళ్లు. ముక్కు మొదట్లో పసుపు, కొసన నలుపు. గొంతు మీద ఇటుక రంగు మచ్చ. రొమ్ము మీద అడ్డంగా రెండు పట్టీలు, ఒకదాని కింద ఒకటి. కళ్లు మాత్రం ఆ చిన్న తలకు మించినవి. చీకట్లో బతకడానికే పుట్టిన కళ్లు. దాన్ని పట్టుకున్నవాడి పేరు ఐతన్న. పట్టింది వలతో కాదు, తుపాకీతో కాదు. ఉత్త చేతులతో.

1986 జనవరి. కడప జిల్లా, సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లె. సంక్రాంతి నెల చలి. పగలంతా కాగిన నేల పొద్దు గూకగానే ఉన్న వేడంతా వదిలేసుకుంది. లంకమల కొండల మీంచి దిగిన గాలి ముళ్లపొదల్లో పడి ఈల వేస్తోంది. ఊళ్లో తలుపులు మూసేశారు. దుప్పటి ముసుగు తీసి బయటికి రావడానికి ఎవరికీ మనసొప్పని రాత్రి.

ఐతన్నకు ఆ పొదలు కొత్త కాదు. పిట్టల వేటలో చెయ్యి తిరిగినవాడు. కౌజులు ఎక్కడ మేస్తాయో, ఏ పొద కింద ఏది పడుకుంటుందో తెలిసినవాడు. కానీ ఆ రాత్రి అతని చేతికి చిక్కింది కూరకు కోసుకునే పిట్ట కాదు. పక్షిశాస్త్రం ఆశ వదిలేసుకున్న పిట్ట. 1900 తర్వాత శాస్త్రజ్ఞుడన్నవాడు ఎవడూ ప్రాణంతో చూడని పిట్ట.

బొంబాయిలో 89 ఏళ్ల పెద్దాయన ఒకరున్నారు. ఈ దేశంలో పిట్టల గురించి ఆయనకన్నా ఎక్కువ తెలిసినవాళ్లు లేరు. ఆయనా ఈ పిట్టను వెతికి వెతికి అలసిపోయారు. కబురు ఆయనకు చేరాలి. అది ప్రాణంతో ఉండగానే ఆయన ఇక్కడికి రావాలి.

ఈ రెండింట్లో మొదటిది జరిగింది.

*

కథ మొదలైంది తుపాకీతోనే.

కంపెనీ పాలన రోజులు. మద్రాసు సైన్యంలో థామస్ జెర్డన్ అనే డాక్టరు ఉండేవాడు. వృత్తి వైద్యం. పిచ్చి పిట్టలు. ఎక్కడికి బదిలీ అయితే అక్కడి పిట్టలన్నిటినీ సేకరించి, బొమ్మలు వేయించి, లెక్క రాసుకునేవాడు. 1860ల్లో ఆయన రాసిన భారతదేశ పక్షుల గ్రంథాలు తర్వాతి వాళ్లందరికీ ఆధారం అయ్యాయి. అందులో వేటపిట్టల భాగాన్ని విడిగా కూడా అచ్చేశారు. కొనేవాళ్లు అంతమంది ఉండేవారు మరి.

ఎందుకంటే దొరలకు చలికాలమంటే వేటకాలం.

నెగడు పూర్తిగా ఆరకముందే గుడారాల్లో కదలిక మొదలవుతుంది. కుక్కలు గొలుసులు తెంపుకునేలా గింజుకుంటాయి. తెల్లవారుజాము తేమలో వాసన నేలను అంటిపెట్టుకుని ఉంటుంది. ఎండ ముదిరి మంచు ఆరిపోయిందంటే వాసనా పోతుంది, నాలుక వేలాడేసిన కుక్కతో ఇక పనీ జరగదు. ఉన్న కాసేపట్లోనే అంతా అయిపోవాలి. గొలుసు విప్పగానే పాయింటర్ కుక్క గాలికి ఎదురుగా, ముక్కు పైకెత్తి, చేను ఈ గట్టు నుంచి ఆ గట్టుకూ ఆ గట్టు నుంచి ఈ గట్టుకూ అడ్డంగా కోసుకుంటూ పరుగెత్తి, ఎండిన గడ్డి తోసుకుని, రేగు ముళ్లు గీరినా లెక్కచేయక, వాసన తగిలిన క్షణంలో ఉన్నచోటే కట్టెలా బిగుసుకుపోతుంది. ముందుకాలు ఒకటి గాల్లో ఉండిపోతుంది. తోక నిటారు. ముక్కు ఒకే పొద వైపు. వెనక తుపాకీ భుజానికెక్కుతుంది.

ఒక అడుగు. ఇంకో అడుగు. బుర్రుమని కౌజుల గుంపు లేస్తుంది.

కౌజు, పూరేడు, అన్నీ ఈ పద్ధతికి దొరికేవే. పగలు మేస్తాయి. మీదికొచ్చేదాకా నక్కి ఉండి, ఇక లాభం లేదనుకున్నప్పుడు ఎగురుతాయి. కుక్క ముక్కూ మనిషి కన్నూ కలిస్తే చాలు, సంచి నిండుతుంది.

ఈ లెక్కలో ఇమడని పిట్ట ఒకటుంది. అది తెల్లారేలోపే పొద చేరుతుంది. చీకటి పడ్డాకే బయటికొస్తుంది. రెక్కలకన్నా కాళ్లనే నమ్ముకుంటుంది. మట్టి రంగు ఒళ్లు మట్టిలో కలిసిపోతుంది. వేటకుక్క పని మొదలయ్యే వేళకు దాని పని అయిపోతుంది.

అయినా జెర్డన్‌కు అది దొరికింది. నెల్లూరు, కడప వైపు తూర్పు కనుమల ప్రాంతంలో. కలకత్తాలో ఆసియాటిక్ సొసైటీ మ్యూజియం చూసుకుంటున్న ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. రెండు పట్టీలున్నది అని ఆ పేరుకు అర్థం. ఇంగ్లిషు పక్షి పుస్తకాల్లో మాత్రం జెర్డన్స్ కోర్సర్‌గా స్థిరపడింది.

పేరు నిలిచింది. పిట్ట నిలవలేదు.

*

తర్వాత అది ఓరుగల్లు అడవుల పొలిమేరలో తేలింది.

కాళేశ్వరం గుడి దగ్గర గోదావరి ఒడ్డున నిలబడితే ఎదురుగా ప్రాణహిత వచ్చి కలుస్తుంది. అవతలి ఒడ్డున సిరోంచ. దిగువకు పోతే ఏటూరునాగారం అడవులు, ఇంకా దిగువన భద్రాచలం. 1860ల చివర్లో, 70ల మొదట్లో ఈ లోయలో విలియం బ్లాన్‌ఫర్డ్ అనే భూగర్భ శాస్త్రవేత్త తిరుగుతున్నాడు. సర్కారు పంపింది రాళ్లు చూసి రమ్మని. ఆయన రాళ్లతోపాటు పిట్టల్నీ చూశాడు. సిరోంచ వైపు, భద్రాచలం వైపు ఈ రెండు పట్టీల పిట్ట ఉన్నట్టు నమోదు చేశాడు.

అంటే పెన్నా లోయ నుంచి గోదావరి లోయ దాకా అది ఉంది. ఎవరైనా గట్టిగా వెతికితే ఇంకా దొరికేది. ఎవరూ వెతకలేదు. తొందరేముంది, ఉన్న పిట్టేగా అనుకున్నారు.

1900. అనంతపురం దగ్గర హోవార్డ్ క్యాంప్‌బెల్ కంటపడింది.

అంతే. ఆ తర్వాత రాతల్లో చప్పుడు లేదు. పదేళ్లు గడిచాయి. ఇరవై గడిచాయి. పాత పొదలు కొట్టి కొత్త పొలాలు వేశారు. కట్టెలకూ బొగ్గులకూ అడవి అంచులు తరిగాయి. పుస్తకాల్లో ఆ పేరు పక్కన ప్రశ్నార్థకం చేరింది. తర్వాత ప్రశ్న కూడా పోయింది. అంతరించిపోయి ఉంటుందని తేల్చేశారు.

ఒక మనిషి మాత్రం తేల్చుకోలేదు.

*

సలీం అలీ కథ మొదలైంది కూడా తుపాకీతోనే. చిన్నప్పుడు మేనమామ కొనిచ్చిన ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టారు. గొంతు మీద పసుపు మచ్చ చూసి, ఇదేం పిచ్చుకో తెలుసుకోవాలని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ గుమ్మం ఎక్కారు. అక్కడి కార్యదర్శి మిల్లార్డ్ ఆ కుర్రాణ్ని లోపలికి పిలిచి, సొరుగులు లాగి, వరసగా పేర్చిన పిట్టల తోళ్లు చూపించాడు. ఆ సొరుగుల్లోంచి ఆయన మళ్లీ బయటికి రాలేదు.

1931-32లో నిజాం రాజ్యంలో పక్షుల సర్వే ఆయనదే. వరంగల్ పరిసరాల అడవులు, ఆదిలాబాద్, అమ్రాబాద్ పీఠభూమి. బండి మీద కొంత, కాలినడకన కొంత. ఆనాటి పద్ధతి ఒకటే. పొద్దున్నే బయల్దేరడం, పిట్టను కొట్టడం, డేరాకు తెచ్చి తోలు తీసి పత్తి కుక్కడం, కాలికి చీటీ కట్టి ఊరు, తేదీ రాయడం. హైదరాబాద్ సంస్థానం పిట్టల గురించి ఇవాళ మనకు తెలిసిన దాంట్లో చాలా భాగం ఆ చీటీల్లోంచి వచ్చిందే.

ఆ చీటీల్లో దేనిమీదా రెండు పట్టీల పిట్ట పేరు లేదు.

తర్వాతి దశాబ్దాల్లో దానికోసమే వెతికినవాళ్లున్నారు. సలీం అలీ వెతికారు. ఆయనతో కలిసి భారత ఉపఖండం పక్షుల మీద పది సంపుటాలు రాసిన అమెరికన్ డిల్లాన్ రిప్లీ కూడా వెతికాడు. పెన్నా ఒడ్డు పొదలు, కొండల అంచులు, పాత రికార్డుల్లో ఉన్న ఊళ్లు అన్నీ చూశారు. దుర్భిణులు కొండల్ని జల్లెడ పట్టాయి.

పిట్ట పడుకునే ఉంది. పగలు కదా.

*

1985. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ ఇంకొక్కసారి ప్రయత్నిద్దామనుకుంది. ఈసారి పంపింది భరత్ భూషణ్ అనే యువ పరిశోధకుణ్ని. సంచిలో పిట్ట బొమ్మ. ఆ బొమ్మ కూడా ఎప్పుడో చచ్చిన పిట్టల తోళ్లు చూసి వేసిందే. దాని గొంతెలా ఉంటుందో తెలియదు. గూడెలా ఉంటుందో తెలియదు. నడక తెలియదు. మేత తెలియదు.

అతను ఊళ్ల మీద పడ్డాడు. కడప, అనంతపురం, నెల్లూరు. రచ్చబండలు, టీ కొట్లు, గొర్రెల దొడ్లు. బొమ్మ చేతులు మారుతుంది. బీడీ పొగలో మొహాలు దగ్గరికి జరుగుతాయి. ఒకరు తీతువంటారు. ఇంకొకరు తీతువు కాళ్లు ఇట్లుండవంటారు. మూడోవాడు తల అడ్డంగా ఆడిస్తాడు. బొమ్మ మళ్లీ సంచిలోకి పోతుంది. బస్సు పట్టుకుని ఇంకో ఊరు.

ఈ పని పైకి చిన్నదే. కానీ అంతకుముందు వెతికినవాళ్లలో చాలామంది చేయని పని ఇదే. వాళ్లు అడవిని అడిగారు. ఇతను అడవిలో తిరిగేవాళ్లను అడిగాడు.

పగలు గొర్రెలు కాసేవాడికి తెలిసింది వేరు. రాత్రి పొదల్లో తిరిగేవాడికి తెలిసింది వేరు. రెండోవాడు అంత త్వరగా నోరు విప్పడు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. పిట్టను పట్టానని ఊరు కాని ఊరివాడితో చెప్పుకోవడం ఎంత ప్రమాదమో వేటగాడికి ఒకరు చెప్పనక్కర్లేదు. ఖాకీ కనిపిస్తే పక్కదారి పట్టేవాడు, సంచిలో బొమ్మ పెట్టుకుని వచ్చినవాణ్ని ఎందుకు నమ్మాలి?

సిద్ధవటం చుట్టుపక్కల నమ్మారు.

బొమ్మ చూసి పేరు చెప్పారు. కలివికోడి. కలివి పొదల్లో తిరిగే కోడి. కొండ దిగువన ముళ్లు నిండి, నల్లటి తియ్యటి కాయలు కాసే గుబురు పొద కలివి. ఆ పొదలు ఒత్తుగా ఉన్నచోట కాదు, పొదకూ పొదకూ మధ్య మట్టి కనిపించేంత ఖాళీ ఉన్నచోట. అదీ పగలు కాదు. రాత్రి.

ఎనిమిది దశాబ్దాలుగా శాస్త్రజ్ఞుల చేతికి దొరకని తాళంచెవి అది. రాత్రి.

*

టార్చి వేటకు కుక్క అక్కర్లేదు. ఇక్కడ వాసన కాదు, వెలుగు పని చేస్తుంది.

చీకట్లో నిలకడగా వెలుగు పడితే నేల మీద తిరిగే పిట్ట కాసేపు కట్టుబడిపోతుంది. కళ్లు మెరుస్తాయి. ఆ కాసేపట్లోనే వేటగాడు దాని దగ్గరికి చేరాలి. వెలుగు కదలకూడదు. వెలుగు వెనక మనిషి ఆకారం కనిపించకూడదు. ఎండుపుల్ల విరగకూడదు. ఎంత చలేసినా దగ్గు రాకూడదు. గాలి ఆగినప్పుడు ఆగాలి, గాలి వీచి ఆకులు చప్పుడు చేసినప్పుడు అడుగు వేయాలి. కాలికింద ఏముందో చూసుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే టార్చి కిందికి దిగిన మరుక్షణం అక్కడ పిట్ట ఉండదు.

ఐతన్న ఇలాంటి రాత్రులు ఎన్నో చూసినవాడు.

వెలుగు పొదల మధ్య ఖాళీ నేల మీద పాకింది. రాయి. ఎండుగడ్డి. ముళ్లకొమ్మ నీడ. మళ్లీ రాయి. ఆ రాయి పక్కన రెండు పొడుగు కాళ్లు.

వెలుగు ఆగింది. పిట్టా ఆగింది.

బొమ్మలో ఉన్న పట్టీలు రొమ్ము మీద ఉన్నాయి. కంటిపైన తెల్లటి గీత ఉంది. ఇది తీతువు కాదు. టార్చి పట్టిన చెయ్యి అలాగే ఉండాలి, రెండో చెయ్యి మాత్రం ముందుకు పోవాలి, మోకాళ్లు వంగాలి, ఒళ్లంతా నేలకు దగ్గర కావాలి, ఇదంతా పిట్ట కంటికి ఏమీ జరగనట్టే ఉండాలి, ఎందుకంటే కాళ్లను నమ్ముకున్న ఆ పిట్ట ఒక్క దూకు దూకి పక్క పొదలో దూరితే ఈ చీకట్లో మళ్లీ కనిపించడం కల్ల.

చెయ్యి పడింది.

*

ఇప్పుడు అసలు గండం మొదలైంది.

అడవి పిట్టను పట్టడం ఒక విద్య. దాన్ని బతికించడం ఇంకో విద్య. పొడుగు కాళ్ల పిట్టలతో మరీ కష్టం. పట్టుబడ్డ భయానికి, పెనుగులాటకు వాటి కండరాలు దెబ్బతింటాయని, పైకి బాగానే ఉన్నట్టు కనిపించిన పిట్ట కూడా ఆ తర్వాత కుప్పకూలుతుందని పశువైద్యులు చెబుతారు. ఇక మేత. ఈ పిట్ట ఏం తింటుందో అప్పటికి ఏ పుస్తకంలోనూ లేదు. చెదలూ చీమలూ దాని తిండిలో ఉంటాయని తేలింది తర్వాత్తర్వాత.

భరత్ భూషణ్ ముందు పిట్ట ఉంది. నెలల తరబడి ఊరూరా తిప్పిన బొమ్మకు ప్రాణం వచ్చి నిలబడింది. ఒక్కో ఈక సరిచూసుకోవాల్సిన పనిలేదు. ఇలాంటిది ఇంకోటి లేదు.

కబురు బొంబాయికి పోయింది.

1986లో కడప నుంచి బొంబాయికి మాట చేరడమంటే ట్రంకాల్ బుక్ చేసి కాచుక్కూచోవడం, లేదా టెలిగ్రాం. సెల్‌ఫోన్ లేదు. ఫొటో తీసి క్షణంలో పంపే దారి లేదు. కళ్లతో చూస్తే తప్ప నమ్మలేని వార్త అది. నమ్మాల్సినవాళ్లు వెయ్యి కిలోమీటర్ల అవతల ఉన్నారు.

సలీం అలీ బయల్దేరారు. 89 ఏళ్ల వయసులో. అప్పటికే పద్మవిభూషణ్, రాజ్యసభ సభ్యత్వం, ప్రపంచం నలుమూలల నుంచీ గౌరవాలు. ఆత్మకథ కూడా అంతకుముందు ఏడాదే అచ్చయింది. చూడాల్సినవన్నీ చూసేసిన మనిషి. ఒక్కటి తప్ప.

ఇక్కడ పిట్ట నీరసిస్తోంది. అక్కడ దారి తరగడం లేదు. ఒకవైపు తొంభైకి దగ్గరపడ్డ గుండె, ఇంకోవైపు గుప్పెడంత గుండె. రెండూ ఒకే ఊరి వైపు, ఒకే గడియారం కింద కొట్టుకుంటున్నాయి.

చిన్న గుండె ముందు ఆగింది.

సలీం అలీ వచ్చేసరికి పిట్ట ప్రాణంతో లేదు. ఆ ఒళ్లు బొంబాయి చేరి, ఒకప్పుడు పిచ్చుకను పట్టుకెళ్లిన కుర్రాడికి మిల్లార్డ్ సొరుగులు లాగి చూపిన ఆ సొసైటీ సేకరణలోనే చేరింది. మరుసటి ఏడాది, 1987 జూన్ 20న, సలీం అలీ కన్నుమూశారు.

ఒక్కటే పిట్ట దొరికింది, అదీ చచ్చిపోయింది. ఇక మిగిలిందేమిటి?

*

మిగిలింది చోటు. మిగిలింది వేళ.

ఎక్కడ వెతకాలో, ఎప్పుడు వెతకాలో తెలిసిపోయింది. అవే పొదల్లో, అదే చీకట్లో ఇంకొన్ని కలివికోళ్లు కనిపించాయి. 1988లో ఆ కొండలను, పొదలను కలిపి శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యంగా ప్రకటించారు. పిట్ట పేరు చట్టంలో మొదటి షెడ్యూలుకెక్కింది. పులికి ఎంత రక్షణో దీనికీ అంతే. 1991 సవరణతో దేశంలో సరదా వేటకు దారులన్నీ మూసుకుపోయాయి. కుక్కల్ని వదిలి కౌజుల్ని లేపిన చలికాలాలు పాత పుస్తకాల్లోకి వెళ్లిపోయాయి.

2000 తర్వాత జగన్నాథన్ అనే పరిశోధకుడు, బొంబాయి సొసైటీతోపాటు బ్రిటన్ శాస్త్రవేత్తలూ కలిసి ఇక్కడ మకాం వేశారు. ఈసారి షరతు ఒకటే. పిట్ట మీద చెయ్యి పడకూడదు.

పొదల మధ్య నేల గీకి, మెత్తటి మట్టి జల్లి, పట్టీల్లా పరిచారు. సాయంత్రం చదును చేసి వదిలేయాలి. పొద్దున్నే వచ్చి చదవాలి. నక్క నడిచిందా, కుందేలు దూకిందా, తీతువు తిరిగిందా. కలివికోడికి మూడే వేళ్లు, అన్నీ ముందుకే. ఆ మూడు గీతలు కనిపిస్తే రాత్రి అది ఇటుగా వెళ్లినట్టే. పొదల్లో ఆటోమేటిక్ కెమెరాలు కట్టారు. ఊళ్ల కుర్రాళ్లు అడుగుల ఆచూకీ తీయడంలో ఆరితేరారు. వేటగాళ్లు పొట్టకూటి కోసం నేర్చుకున్న విద్యే ఇది, ఇప్పుడు నోటు పుస్తకాల్లోకి ఎక్కింది.

గొంతు కూడా దొరికింది. పొద్దు గూకిన ముప్పావు గంటకు కాస్త అటూఇటూగా, రెండు మాత్రల కూత. కొన్ని నిమిషాలు. ఇరవై నిమిషాలు దాటదు. తర్వాత రాత్రంతా మౌనం. ఆ కాసేపు తప్పితే ఆ రోజుకు అంతే సంగతి.

ఆ మౌనంలోకి 2005లో మరో చప్పుడు వచ్చింది. జేసీబీలు.

కృష్ణా నీళ్లను రాయలసీమ మీదుగా మద్రాసు దాకా తీసుకెళ్లే తెలుగుగంగ కాలువ. దాహం తీర్చే కాలువ. ఇక్కడ ఎవరికీ దానిమీద కోపం లేదు. కానీ కాలువ గీత కలివికోడి పొదల మీదుగా పోతోంది. మట్టి పట్టీలు చదవడానికి వెళ్లినవాళ్లకు పొదలు పెరికేసిన నేల, యంత్రాల చక్రాల గాట్లు కనిపించాయి. పిట్ట అడుగు ఎక్కడ పడిందో ఏళ్ల తరబడి రాసుకున్న లెక్క అప్పుడు అక్కరకొచ్చింది. ఫలానా చోట ఫలానా రాత్రి పిట్ట తిరిగింది అని కాగితం మీద చూపించగలిగారు. అది లేకపోతే ఆ పొదల తరఫున మాట్లాడటానికి ఏముంది?

కాలువ దారి మార్చారు.

మరి 1900 నుంచి 1986 దాకా ఆ పిట్ట ఏమైపోయినట్టు? దానికి జవాబు 2013లో, స్కాట్లండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో బయటపడింది. ఒక గుడ్డు. 1917లో కోలారు బంగారు గనుల ప్రాంతంలో ఎర్నెస్ట్ మీటన్ అనే పశువైద్యుడు సేకరించింది. దశాబ్దాలుగా ఎవరి దృష్టికీ రాకుండా ఉండిపోయింది. డీఎన్ఏ పరీక్ష చేశారు. కలివికోడి గుడ్డే. ఆ జాతి గుడ్డుగా లోకానికి తెలిసింది అదొక్కటే.

అంటే క్యాంప్‌బెల్ చూసిన పదిహేడేళ్లకు కూడా అది గుడ్లు పెడుతూనే ఉంది. రెడ్డిపల్లె వేటగాళ్ల నోట్లో దాని పేరు నానుతూనే ఉంది. ఆ 86 ఏళ్లలో పిట్ట ఒక్క రాత్రి కూడా తప్పిపోలేదు. వెతికినవాళ్లు పగలు వచ్చి వెళ్లారు.